దవాఖాన స్టేజీ

ఉప్పల్‌ల బయల్దేరిన నా బస్సు
మెహదీపట్నం చేరేసరికి ఏడు దవాఖానల ముందు ఆగుతది.
ఏ స్టేజీల ఎవరు దిగుతరో నాకెర్కే,
ఒక చేతిల ఫైలు, ఇంకో చెయ్యి నడుం మీద.
జీరో టికెట్ కొట్టి ఇచ్చుడే, అడిగేదేముండదు.
దిగేటప్పుడు చూడను.
మళ్ల ఎక్కేటప్పుడు చూస్త, మొఖాలు.

ఆరో నెల నిండినంక
టికెట్ మిషిన్ బెల్టు నాకు సరిపోలే.
ఖాజా భాయ్ బ్రేకు మెత్తగ తొక్కుడు షురూ చేసిండు,
ఒక్క మాట అనకుండనే.

ఇంట్ల మాత్రం అందరికీ మాటలే.
అత్తమ్మకు హబ్సిగూడల పెద్దాసుపత్రే కావాలె,
ఆ మెరిసే గచ్చు చూస్తే చెప్పులు ఇడువబుద్ధైతదంట.
మా ఆయన దోస్తు భార్యకు కవలలు పుట్టింది అండ్లనే.
ఆడబిడ్డ ఫోన్ల చుక్కలు చూపిచ్చింది,
ఐదుకు నాలుగున్నర.
మా అమ్మ ఒకటే అన్నది:
"నువ్వు పుట్టిన రాత్రి
నా మొఖం దిక్కు చూసినోళ్లు ఎవ్వలు లేరు బిడ్డా."
గంతే. మళ్ల బియ్యం చెరుగుడుల పడ్డది.

పెద్దాసుపత్రికి పోయినం. టోకెన్ నలభై ఆరు.
డాక్టరమ్మ మంచిదే, అబద్ధమెందుకు,
ఆఖరి ట్రిప్పుల నా లెక్కనే అలిసి ఉన్నది.
తెర మీద నా బిడ్డ గుండెను చూసింది,
నన్ను చూసుడు మర్శింది.
బయట బల్లకాడి పిలగాడు కాయితం పరిచిండు,
ఇది నార్మల్‌కు, ఇది ఆపరేషన్‌కు, ఏసీ రూమైతే ఇంత.
"ముహూర్తం ఏమన్న ఉంటే ముందే చెప్పుండ్రి."
అత్తమ్మ సంచిలకెళ్లి పంచాంగం తీసింది.
నేను అడిగిన,
నొప్పులు వాటంతట అవే రాత్రి రెండింటికి వస్తే
నా పక్కకు ఎవరుంటరు?
కాయితం అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
ఆ గడి లేదు.

బుధవారం డ్యూటీ దిగినంక ఒక్కదాన్నే పోయిన,
అంబర్‌పేట గల్లీల, చికెన్ సెంటర్ ఎనక, సర్కారు దవాఖాన.
గోడల పెచ్చులు ఊడినయ్. ఫ్యాను ఏడుస్తున్నది.
జసింత సిస్టర్ ముందుగాల అడిగింది:
"దినానికి ఎన్ని గంటలు నిలవడ్తవ్?"
ఇన్ని నెలల్ల ఎవ్వలు అడగలే ఆ మాట.
నా పాదం మీద బొటనవేలు ఒత్తి
ఆ గుంట నిండేదాంక లెక్కవెట్టింది.

టికెట్ రోల్ ఎనక రాసుకున్న ప్రశ్నలు తీసిన.
నొప్పులప్పుడు నడవనిస్తరా?
నడువు. వద్దంటే వండుకో.
పక్కకు మనిషి?
ఒక్కరు. అమ్మనో ఆయననో, నువ్వే తేల్చుకో.
కోత?
పనివడితేనే. నీకు చెప్పినంకనే.
ఆ రాత్రి నువ్వే ఉంటవా సిస్టర్?
ఈసారి జర ఆగింది.
"మాట ఇయ్యలేను. మేం ముగ్గురం, డ్యూటీలు మారుతయ్.
తక్కిన ఇద్దరిని గూడ వచ్చి కలువు.
బీపీ ఎక్కినా, బిడ్డ గుండె నెమ్మదించినా
నిన్ను పట్టుకొని కూసోను, పైనున్న డాక్టర్‌ను పిలుస్త.
నాకు చాతగానిది ఏందో నాకెర్కే."

ఆ ఆఖరి మాటను
చిల్లరతోని పాటు సంచిల ఏసుకున్న.

ఇంట్ల ఇంకా తెగలే.
అత్తమ్మ పెచ్చులూడిన గోడనే తలుస్తున్నది.
మా ఆయన ఖర్చు లెక్క చూసి ఊకున్నడు,
అది సమ్మతో సిగ్గో తెల్వదు.

నిన్న పొద్దుగూకంగ ఆ స్టేజీల ఒకామె ఎక్కింది,
ఒళ్లె తువ్వాల చుట్టిన పసిగుడ్డు.
ఒక కాలేజీ పిలగాన్ని లేపి సీటు ఇప్పిచ్చిన.
"పురుడు ఎవరు చేసిండ్రు?" అన్న.
నన్ను కిందికెళ్లి మీదికి చూసింది.
"చేసుడేందక్కా, నేనే కన్న.
సిస్టర్ పక్కకుండె."

ఆమెకు జీరో టికెట్ కొట్టిన.
తువ్వాలల ఉన్నదానికి టికెట్టూ లేదు,
పేరు గూడ ఇంకా లేదు.
చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగింది,
బెల్టు కింద, ఎడమ దిక్కు, నాది ఒక్క తన్ను తన్నింది.
తక్కిన ఇద్దరు సిస్టర్ల పేర్లు అడుగుడు మర్శిన.
రేపు మొదటి ట్రిప్పు అయినంక
పోయి అడగాలె.